సియాల్‌కోట్ బంతి: అట్లాంటాలో పక్కకు పోయిన కూలి లెక్క

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గరపడిందంటే చాలు, బంతులు కుట్టేవాళ్ల కూలి గురించి మళ్లీ గొడవ మొదలవుతుంది. పరిశ్రమ వైపు నుంచి వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: ఫుట్‌బాల్ బంతుల తయారీకి పేరుపడ్డ సియాల్‌కోట్‌లో బాలకార్మికుల సమస్యను ఎప్పుడో పరిష్కరించాం, తనిఖీలు జరుగుతున్నాయి. అడిగేది కూలి గురించి, చెప్పేది పిల్లల గురించి. ఈ తిరకాసు ఎక్కడ పడిందో తెలియాలంటే 1996 సెప్టెంబరు నుంచి 1997 ఫిబ్రవరి దాకా ఏం జరిగిందో చూడాలి.

సియాల్‌కోట్ పాకిస్థాన్ పంజాబ్‌లోని ఊరు. 1996 జూన్‌లో అమెరికా పత్రిక లైఫ్ ఒక ఫొటో వేసింది, నైకీ కంపెనీ బంతి కుడుతున్న 12 ఏళ్ల పాకిస్థాన్ పిల్లాడిది. అది అమెరికాలో పెద్ద దుమారం రేపింది. ఆ తర్వాత జరిగింది మాత్రం అంతగా చర్చకు రాలేదు.

ఆ సెప్టెంబరులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్యలతో కలిసి, తన పేరుతో అమ్మే వస్తువులు తయారుచేసేవాళ్ల కోసం ఒక నియమావళి ఖరారు చేసింది. పిల్లలతో పని చేయించకూడదన్నది అందులో ఒక అంశం మాత్రమే. సంఘం పెట్టుకునే హక్కు, పని గంటలకు పరిమితి, కుటుంబం గడవడానికి సరిపడా కూలి కూడా అందులో ఉన్నాయి. క్రీడా వస్తువుల కంపెనీలకు ఇది మింగుడుపడలేదు.

అయిదు నెలలు తిరిగేసరికి, 1997 ఫిబ్రవరి 14న అట్లాంటాలో మరో ఒప్పందం కుదిరింది. సంతకాలు చేసింది సియాల్‌కోట్ వాణిజ్య మండలి, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్. 14 ఏళ్లలోపు పిల్లల్ని 18 నెలల్లో ఈ పని నుంచి తప్పించాలి, కుట్టుపనిని ఇళ్ల నుంచి నమోదైన కేంద్రాలకు మార్చాలి, వాటిని బయటివాళ్లు తనిఖీ చేయాలి. కూలి ప్రస్తావన లేదు. కుట్టేవాళ్ల తరఫున సంతకం పెట్టిన సంఘమూ లేదు. విస్తృతమైన నియమావళి పక్కకు జరిగి, వయసు ఒక్కటే చూసే ఒప్పందం ముందుకొచ్చింది. ఇవాళ్టి గొడవకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ పని ఎలాంటిదో తెలిస్తే ఆ మార్పు ఎవరి మీద పడిందో అర్థమవుతుంది. పాత రకం బంతికి 32 ముక్కలు: 20 ఆరు పలకలవి, 12 అయిదు పలకలవి. రెండు ముక్కల్ని కలిపి మోకాళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకే రంధ్రంలోంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ బార్లా చాపి గట్టిగా లాగాలి. ఒక్క బంతికి ఆరేడు వందల కుట్లు. లోపలి వైపు పైకి ఉండేలా కుట్టి, తిరగేసి, గాలి నింపే బ్లాడర్ లోపల పెట్టి, చివరి కుట్టు బయటి నుంచే మూయాలి. చేయి తిరిగినవాళ్లు కూడా రోజుకు మూడో నాలుగో కుట్టగలరు. కూలి బంతి లెక్కన. మధ్యలో ‘మేకర్’ అనే కాంట్రాక్టర్ ముక్కలు తెచ్చి ఇచ్చి, కుట్టిన బంతులు పట్టుకెళ్లేవాడు.

ఇంటి పని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు బంతి కుట్టే ఆడవాళ్లకు అది కుటుంబానికి ఆసరా. పని కేంద్రాలకు మారాక పరదా కట్టుబాట్లున్న ఊళ్లలో వాళ్లు మగవాళ్ల మధ్యకు, వ్యాన్లలో దూరం వెళ్లడం కుదరలేదు. చాలామంది మానేశారు. మహిళల కోసం ఊళ్లలోనే చిన్న కేంద్రాలు తెరిచినా పోయిన పని అందరికీ తిరిగి రాలేదు. పిల్లల సంపాదన, తల్లి సంపాదన రెండూ ఆగిన ఇంట్లో బంతి రేటు పెరిగితే తప్ప గడవదు. ఆ రేటు సంగతి ఒప్పందంలో లేనే లేదు. విచిత్రమేమిటంటే, ఇళ్లలో పనిచేసేవాళ్లకు మిగతా కార్మికులతో సమానంగా కూలి, రక్షణ ఇవ్వాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక జెనీవాలో 1996 జూన్‌లోనే వచ్చింది. పాకిస్థాన్, భారత్ రెండూ దాన్ని ఆమోదించలేదు.

తనిఖీల వల్ల ఎగుమతి బంతుల పనిలో పిల్లలు బాగా తగ్గారని పరిశ్రమ చెబుతుంది. అది నిజం, మంచి పని కూడా.

కానీ పదేళ్లు తిరక్కుండానే ఏమైందో చూడండి. 2006 నవంబరులో నైకీ సియాల్‌కోట్‌లోని తన ప్రధాన సరఫరాదారు సాగా స్పోర్ట్స్‌తో తెగదెంపులు చేసుకుంది. చెప్పిన కారణం: అనుమతి లేకుండా బంతుల్ని మళ్లీ ఇళ్లలో కుట్టిస్తున్నారు. వేల మంది ఉపాధి ఒక్కసారిగా ప్రమాదంలో పడింది. బంతి లెక్కన కూలి అలాగే ఉంటే, ఆర్డర్లు ముంచుకొచ్చినప్పుడు పని చవగ్గా జరిగే చోటికే పోతుంది. తలుపులకు తాళం వేసినంత మాత్రాన ఆగదు.

మరుసటి ఏడాది నైకీ సిల్వర్ స్టార్ అనే కంపెనీకి పని అప్పగించింది. ఈసారి షరతులు వేరు: కుట్టేవాళ్లంతా నమోదైన పూర్తికాల ఉద్యోగులై ఉండాలి, కూలి గంటల లెక్కన ఇవ్వాలి, సామాజిక భద్రత కల్పించాలి. అంటే కొనేవాడు గట్టిగా అడిగితే కూలి గురించి రాసుకోవడం సాధ్యమేనన్నమాట. 1997లో కొనేవాళ్లెవరూ అలా అడగలేదు.

ఆ షరతులు అందరికీ వర్తించలేదు. 2010లో అంతర్జాతీయ కార్మిక హక్కుల ఫోరం అనే స్వచ్ఛంద సంస్థ పాకిస్థాన్‌లో కార్మికుల్ని అడిగితే, సగానికి పైగా తమకు చట్టం చెప్పిన కనీస వేతనం కూడా రావడం లేదన్నారు. ఈలోగా ప్రపంచ కప్ బంతే మారిపోయింది. 2006 నుంచి దాన్ని చేత్తో కుట్టడం లేదు, వేడితో అతికిస్తున్నారు. సియాల్‌కోట్‌లోనే ఫార్వర్డ్ స్పోర్ట్స్ తయారు చేసిన 2014 ప్రపంచ కప్ బంతి బ్రజూకాకు ఆరే ముక్కలు. చేతికుట్టు బంతులకు గిరాకీ పూర్తిగా పోలేదు గానీ, అవి టీవీలో కనిపించే మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాయి. వాటితో పాటే వాటిని కుట్టేవాళ్లూ మన కంటికి దూరమయ్యారు. సిల్వర్ స్టార్‌కు పెట్టిన షరతుల్ని ఈ చేతికుట్టు ఆర్డర్లన్నింటికీ ఎందుకు పెట్టరన్నదే ఇప్పుడు బ్రాండ్లను సూటిగా అడగాల్సిన ప్రశ్న.