ఇంటి వస్తువులు, కానుకలు, ప్రయాణ సామగ్రి: మా అంగట్లో నిత్యం వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గరలో ఇంటి అలంకరణ వస్తువులు, కానుకలు, ప్రయాణ సామగ్రి అమ్మే అంగడి నడుపుతున్నాను. వస్తువును ఎంచుకోవడంలో మనవాళ్లు చూపే శ్రద్ధ తక్కువేమీ కాదు. అయితే ఆ శ్రద్ధంతా రూపం దగ్గర, ధర దగ్గర ఆగిపోయి, అది దేనితో చేసినది, మన ఇంట్లో ఏ పనికి నిలుస్తుంది అన్న విచారణ దాకా రాకపోవడం వల్ల మంచి వస్తువులు మూలన పడుతున్నాయి.

అపోహ: ఉదయగిరి చెక్క స్పూన్లు చూడటానికే గాని వాడటానికి పనికిరావు.

ఈ మాట మన జిల్లా వాళ్ల నోటనే వినవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి వంటి చెక్కలతో అక్కడి పనివారు తరతరాలుగా చేస్తున్న స్పూన్లకు, ఫోర్కులకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అవి తినడానికీ వడ్డించడానికీ చేసినవే. మంచి స్పూనును వెలుతురులో పట్టుకుని చూస్తే చెక్క పోగులు కాడ పొడవునా చివరిదాకా సాగి కనిపిస్తాయి. కాడ సన్నబడిన చోట పోగు అడ్డంగా తెగి ఉంటే, అది ఎప్పటికైనా అక్కడే విరుగుతుంది. తర్వాత గుంట లోపలి అంచును బొటనవేలితో నిమిరి చూడండి. తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే, ఉప్పుకాగితం సరిగా పట్టించని చోట సన్నని నూగు లేచి వేలికి తగులుతుంది. ఆ నూగు ఉన్నంత మాత్రాన వస్తువును వెనక్కి ఇవ్వనక్కరలేదు, సన్న ఉప్పుకాగితంతో పోగు దారిలోనే రెండు మూడు సార్లు రుద్దితే పోతుంది.

చెక్క పాడయ్యేది వాడటం వల్ల కాదు, నానబెట్టడం వల్ల. రాత్రంతా ఎంగిలి గిన్నెల నీళ్లలో పడి ఉన్న స్పూను ఉబ్బుతుంది, మర్నాడు ఎండలో పెడితే చీలుతుంది. తిన్న వెంటనే కడిగి, తుడిచి, కాడ కిందికి ఉండేలా నీడలో నిలబెడితే చాలు. పసుపు మరక పడితే మాత్రం కాసేపు ఎండ చూపించవచ్చు, ఎందుకంటే పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఇక నూనె విషయానికి వస్తే, చాలామంది వేరుశనగ నూనె రాస్తున్నారు. అది ఆరదు, జిడ్డుగానే ఉండిపోయి కొన్నాళ్లకు కంపు కొడుతుంది. వంటకు వాడే అవిసె నూనెకు ఆరి గట్టిపడే గుణం ఉంది కనుక దానిని పలుచగా రాసి, మిగిలినది తుడిచేసి, కొన్ని రోజులు ఆరనివ్వాలి. రంగుల దుకాణంలో అమ్మే మరిగించిన అవిసె నూనె దీనికి ఎంతమాత్రం తగదు, అందులో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు.

అపోహ: అయస్కాంతం అతుక్కోకపోతే అది మేలైన స్టీలు.

ఈ అపోహకు నేనూ మూల్యం చెల్లించాను. కొన్నేళ్ల క్రితం ఒక టోకు వ్యాపారి అయస్కాంతం పెట్టి చూపించగా నమ్మి నీళ్ల బాటిళ్లు తెప్పించాను. కొన్ని నెలలకే అడుగున అతుకు వెంబడి గోధుమరంగు చుక్కలు వచ్చాయి. కొన్నవారందరికీ డబ్బు తిరిగి ఇచ్చాను. మేలైన 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చౌకైన 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ఈ రెండూ అయస్కాంతానికి సాధారణంగా అతుక్కోవు, కాబట్టి ఆ పరీక్ష వీటిని వేరు చేయలేదు. పైగా అసలైన 304 కూడా బాగా వంచిన చోట కొద్దిగా అతుక్కోవచ్చు. పాత లోహాలు కొనేవారు ఒక చుక్క పరీక్షా ద్రావణం వేసి, దానికి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తారు. మాంగనీసు ఎక్కువైన స్టీలు మీద ఆ చుక్క ఎర్రబడుతుంది. ఇప్పుడు నేను సరుకు దించుకునే ముందు ఇదే చేయిస్తున్నాను. ఉప్పు గాలి తగిలే కోస్తా ఊళ్లలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది.

స్టీలు బాటిలైతే వేడి నిలుస్తుందని అనుకోవడమూ పొరపాటే. రెండు గోడల మధ్య గాలి తీసేసిన బాటిలే వేడిని నిలుపుతుంది. వేడి నీళ్లు పోసి ఐదు నిమిషాలాగి పక్కలను తాకితే బయట చల్లగానే ఉండాలి.

అపోహ: ఇత్తడి ఏదైనా ఒకటే, చింతపండుతో తోమితే సరిపోతుంది.

అలంకరణకు అమ్మే ఇత్తడి వస్తువులు చాలావాటికి మెరుపు పోకుండా పారదర్శకమైన పూత ఉంటుంది. చింతపండు పెట్టి రుద్దితే ఆ పూత అక్కడక్కడా లేచి, వస్తువు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. వాటిని మెత్తటి గుడ్డతో తుడవడమే మేలు. పూత లేని పూజ సామాన్లకు చింతపండు చక్కగా పనిచేస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి వంటకు సంబంధించినది. పూలు తేలించుకోవడానికి అమ్మే వెడల్పాటి ఇత్తడి ఉరళిలో చేపల పులుసు వండితే ఎలా ఉంటుందని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. “కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదమ్మా, రాగి, జింకు పులుసులోకి దిగుతాయి” అని చెప్పి, ఆమెకు మట్టి చట్టి సూచించాను. రాగి బాటిళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో మంచినీళ్లు తప్ప నిమ్మరసం, మజ్జిగ పోయకూడదు.

చీమకుర్తిలో దొరికే గ్యాలక్సీ అనే నల్ల గ్రానైటు రాతితో చేసిన పళ్లేలలో మెరిసే చుక్కలు బంగారు రజను అని కొందరు నమ్ముతారు, ఆ నమ్మకంతోనే కానుకలుగా కొంటారు. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. కానుకగా ఆ రాయి నిజంగా మంచిదే, కారణం మాత్రం వేరు: నిమ్మరసం పడితే పాలరాయి మెరుపు పోయి తెల్లటి గుర్తు పడుతుంది, ఈ రాతికి ఆ బాధ లేదు.

చివరగా, చెన్నై, రేణిగుంట విమానాశ్రయాలకు బయలుదేరేవారు తరచుగా అడిగే పవర్ బ్యాంకు సంగతి. దీనిని పెద్ద పెట్టెలో సర్దితే భద్రమని చాలామంది అనుకుంటారు. లిథియం బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి దానిని సామాను గదిలోకి పంపే పెట్టెలో అనుమతించరు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి అవసరం. డబ్బా మీద మిల్లీ ఆంపియర్ అవర్లే (mAh) ఉంటే ఆ సంఖ్యను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించాలి. 20,000 ఉన్నది 74 వాట్ అవర్లకు వస్తుంది, అది నిరభ్యంతరంగా వెళ్తుంది. సంఖ్య చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును తనిఖీలో ఆపేయవచ్చు, కనుక కొనేటప్పుడు అంకెలు వస్తువు మీదనే చెరగని విధంగా చెక్కి ఉన్నాయేమో చూడండి.