గోవింద నామానికి పట్టే ఊపిరి

తిరుమల మెట్లదారి మొదలయ్యే అలిపిరి పాదాల మండపం దగ్గర అందరి నోటా గోవింద నామం గట్టిగానే వినిపిస్తుంది. రెండు మూడు వందల మెట్లు ఎక్కేసరికి అది ముక్కలవుతుంది. ‘ఏడుకొండలవాడా’ దగ్గర ఒకసారి, ‘వెంకటరమణా’ దగ్గర ఇంకోసారి గాలి పీల్చుకోవాల్సి వస్తుంది. మాట ఊపిరి వదిలేటప్పుడే వస్తుంది కాబట్టి ఇదొక చక్కటి కొలమానం. నామమంతా ఒక్క ఊపిరిలో పలికితే నడక ఒంటికి సరిపోయినట్టు. తెగితే, కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి శరీరం తొందరపడుతోందన్నమాట. అప్పుడు నెమ్మదించాల్సింది కాళ్లు. ఊపిరిని బలవంతంగా ఆపితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. 3,550 మెట్ల దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కువ. అక్కడిదాకా శ్వాసను గమనించడమే తప్ప దిద్దకూడదు.

దిద్దడానికి చోటు వేరే ఉంది: పైన దర్శనం క్యూ కాంప్లెక్స్‌లో గంటలకొద్దీ కూర్చునే కంపార్ట్‌మెంట్.

ముందు చిన్న లెక్క. మామూలుగా ఒక్కో శ్వాసకు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాం. అందులో 150 దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, రక్తాన్ని చేరదు. నిమిషానికి 24 సార్లు, 250 చొప్పున పీల్చినా 6 లీటర్లే. 6 సార్లు, లీటరు చొప్పున పీల్చినా 6 లీటర్లే. కానీ ఊపిరితిత్తుల్లో గాలి రక్తంలోకి చేరే చిన్న సంచులైన వాయుగోణులకు చేరేది మొదటి పద్ధతిలో 2.4 లీటర్లు, రెండోదాంట్లో 5.1.

పద్ధతి ఇది. వీపు నిటారుగా పెట్టి, ఒక చెయ్యి బొడ్డు మీద ఉంచండి. ముక్కుతో 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు వదలండి. నిమిషానికి 6 శ్వాసలు, 5 నిమిషాలకు 30. పీల్చేటప్పుడు చెయ్యి ముందుకు రావాలి. భుజాలు లేస్తున్నాయంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఉదరవితానం (డయాఫ్రమ్) బదులు మెడ కండరాలు పనిచేస్తున్నట్టు. మణికట్టు నాడి పట్టుకుని చూడండి: పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు నెమ్మది. గుండెకు కళ్లెం వేసే వేగస్ నరం ఊపిరి వదిలేటప్పుడే బాగా పనిచేస్తుంది. అందుకే వదలడం పొడవుగా ఉండాలి.

తల తిరిగినా, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కినా అవసరానికి మించి పీలుస్తున్నారని అర్థం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అనే సలహా ఇక్కడే బెడిసికొడుతుంది. గాలి మోతాదు తగ్గించండి, లెక్క మార్చొద్దు. కొందరికి ఊపిరి మీద దృష్టి పెడితేనే గుండె దడ మొదలవుతుంది. వాళ్లు అరికాలికి తగిలే బండ చల్లదనం మీద దృష్టి పెట్టుకోవచ్చు, ఫలితం తక్కువేమీ కాదు.

ఏడో శ్వాసకల్లా మనసు లాకర్‌లో పెట్టిన చెప్పుల దగ్గరికో, తిరుగు బస్సు దగ్గరికో పోతుంది. పని లేనప్పుడు అలా తిరగడం మెదడుకు అలవాటే. పోయిందని గుర్తించి, తిట్టుకోకుండా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడమే అసలు సాధన. ముప్పైసార్లు పోతే ముప్పై కసరత్తులు చేసినట్టే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన 8 వారాల ధ్యాన శిక్షణలో ఒక తొలి పాఠం ఎండుద్రాక్షను చూసి, వాసన పీల్చి, నెమ్మదిగా నమిలి తినడం. మనకైతే అది లడ్డూలోనే దొరుకుతుంది!

కింద తిరుపతి ఊళ్లో లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపానికి నాలుగైదు శ్వాసలు పడతాయి, అవి చాలు. బండి మీద కళ్లు మూయొద్దు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు వైద్యుడిని అడగకుండా మెట్లదారి పట్టకూడదు. ఎక్కుతుండగా ఛాతీ నొప్పి వస్తే శ్వాస లెక్కలు మాని అక్కడే కూర్చుని సాయం పిలవాలి.

మెట్లదారినే దిగేవాళ్లకు ఇంకో మాట. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి మనసు ఎక్కడికో పోతుంది, కాలు జారేది అప్పుడే. ఒంటి బరువును ఆపే తొడ కండరాలు అప్పటికే అలసి ఉంటాయి. దృష్టిని ఊపిరి నుంచి తీసి మడమకు, మెట్టు అంచుకు మార్చండి.