చూపు వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతుందా?

1974లో రోజర్ కూపర్ అనే పరిశోధకుడు కొందరిని బొమ్మల ముందు కూర్చోబెట్టి కథలు వినిపించాడు. వింటున్నంతసేపూ వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో నమోదు చేశాడు. 'ఆఫ్రికా' అన్న మాట చెవిన పడగానే చూపు సింహం మీదికో, జీబ్రా మీదికో పోయేది. అటు చూడమని ఎవరూ చెప్పలేదు. ఇంత మంచి పనిని దాదాపు ఇరవై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ కాలపు ఆలోచన వేరు. మనసు గదులు గదులుగా ఉంటుందని 1983లో తత్వవేత్త జెర్రీ ఫోడర్ వాదించాడు. భాష గది తన పని తాను చేసుకుపోతుంది, కంటి ముందు ఏముందో దానికి అక్కర్లేదు.

ఈ గోడకు గట్టి దెబ్బ 1995లో తగిలింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ టానెన్‌హాస్ బృందం బల్ల మీద వస్తువులు పెట్టి, ఎదుట కూర్చున్నవాళ్ల తలకు కంటి కదలికలు పట్టే కెమెరా తగిలించింది. 'పుట్ ది ఆపిల్ ఆన్ ది టవల్ ఇన్ ది బాక్స్' అని చెప్పింది, అంటే టవల్ మీదున్న ఆపిల్‌ని పెట్టెలో పెట్టమని. బల్ల మీద ఒకటే ఆపిల్, అదీ టవల్ మీద ఉంటే, 'ఆన్ ది టవల్' వినగానే చాలామంది చూపు పక్కనున్న ఖాళీ టవల్ మీదికి పోయింది. ఆపిల్‌ను అక్కడ పెట్టమంటున్నారేమో అనుకున్నారన్నమాట. రెండు ఆపిల్స్ పెడితే ఆ పొరపాటు దాదాపు మాయమైంది. ఏ ఆపిల్ అన్నది చెప్పడానికే ఆ మాట వాడారని వెంటనే తెలిసిపోయింది. వాక్యం మారలేదు, బల్ల మారిందంతే. సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం మూడంటే మూడు పేజీలు.

నిజానికి ఈ చిక్కు ఇంగ్లీషుది. మనం 'టవల్ మీదున్న ఆపిల్‌ని' అంటాం, తికమకకు చోటే లేదు.

1999లో గెరీ ఆల్ట్‌మన్, యుకి కమిదే మరో అడుగు వేశారు. 'అబ్బాయి తింటాడు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు వినగానే, కేక్ పేరు ఇంకా రాకముందే చూపు కేక్ మీద ఉంది. మరి క్రియ చివర్లో వచ్చే మనలాంటి భాషల సంగతి? 2003లో వాళ్లే జపనీస్‌లో చూశారు. అక్కడ విభక్తి ఆ పని చేసింది. 'వెయిట్రెస్ కస్టమర్‌ని' అన్నప్పటి కన్నా 'వెయిట్రెస్ కస్టమర్‌కి' అన్నప్పుడు చూపు బర్గర్ వైపు ఎక్కువగా పోయింది. అప్పటికి బర్గర్ పేరూ రాలేదు, క్రియా రాలేదు.