సెమిస్టర్ ఎబ్రాడ్: "క్రెడిట్లు అవే వచ్చేస్తాయి" అనుకునేవాళ్ల కోసం

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఒక ఫోన్ వచ్చింది. జగిత్యాల నుంచి ఒక తల్లి. వాళ్లమ్మాయి మా కాలేజీలో సీఎస్ఈ సెకండ్ ఇయర్, వచ్చే ఏడాది ఒక సెమిస్టర్ జర్మనీలో చదవడానికి పేరిచ్చింది. "మేడమ్, అక్కడికి పోతే ఇక్కడ ఏడాది పోతదట గదా, మా ఆడబిడ్డ కొడుకు చెప్పిండు, నిజమేనా?" అని అడిగారు. ఆమె ఎంత సేపటి నుంచి ఆ మాట మోస్తున్నారో గొంతులోనే తెలిసింది. మర్నాడు పొద్దున్నే వేరే బ్రాంచి కుర్రాడు క్యాబిన్‌కి వచ్చి, "మేడమ్, అక్కడ ఏ సబ్జెక్టులు తీసుకున్నా పర్లేదు కదా, ఎలాగూ క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అయిపోతాయి" అన్నాడు.

ఇద్దరూ విన్నది పుకారే. కానీ ఆ తల్లి దేనికి భయపడ్డారో అది నిజంగా జరిగేది ఈ అబ్బాయికున్న ధీమా వల్లే. హైదరాబాద్ శివార్లలో ఒక అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే) ఇంజినీరింగ్ కాలేజీలో విదేశీ యూనివర్సిటీలతో స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ వ్యవహారాలు పదకొండేళ్లుగా చూస్తున్నాను. ఇన్నేళ్లలో వీసా రాక ఆగిపోయినవాళ్ల కంటే, హాయిగా వెళ్లి, బాగా చదివి, తిరిగొచ్చాక ఇక్కడ ఇరుక్కున్నవాళ్లనే ఎక్కువమందిని చూశాను. అందుకే ఈ పోస్టులో సగానికి పైగా ఒక్క అపోహ గురించే రాస్తున్నాను.

అపోహ: అక్కడ పాసైతే ఇక్కడ క్రెడిట్లు అవే వచ్చేస్తాయి

రావు. అక్కడి యూనివర్సిటీ మీకు ఇచ్చేది ఒక ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల పత్రం మాత్రమే. దాన్ని మీ డిగ్రీలోకి ఎక్కించాలా వద్దా, ఏ సబ్జెక్టు బదులు ఏది, ఎన్ని క్రెడిట్లు అనేది తేల్చేది ఇక్కడివాళ్లు. అటానమస్ కాలేజీ అయితే మీ డిపార్ట్‌మెంట్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తేల్చే కమిటీ), దానిపైన అకడమిక్ కౌన్సిల్. అటానమస్ కాకపోతే మీ డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీయే తేల్చాలి, ప్రిన్సిపాల్ గారు ఎంత మంచివారైనా ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఈ సంగతి వెళ్లేముందు తేలాలి. లెర్నింగ్ అగ్రిమెంట్ అనే కాగితం ఉన్నది అందుకే: అక్కడ చదవబోయే ప్రతి సబ్జెక్టుకీ ఎదురుగా ఇక్కడ మాఫీ అయ్యే సబ్జెక్టు రాసి, స్టూడెంటు, మన కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేయాలి. చాలామంది వీసాకి కావాలి కాబట్టి ఎవరితోనో ఒకరితో సంతకం పెట్టించి ఫైల్లో పడేస్తారు. ఎడమ పక్క కాలమ్ నింపి కుడి పక్క "విల్ బి డిసైడెడ్ లేటర్" అని రాసిన అగ్రిమెంట్లు నేను కళ్లారా చూశాను. అలాంటి కాగితం తిరిగొచ్చాక ఎందుకూ పనికిరాదు.

లెక్క కూడా చూసుకోవాలి. యూరప్‌లో సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల పేరు అది). మన బీటెక్ 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి సగటున 20. ఒకటిన్నర ఈసీటీఎస్‌కి మనది ఒకటి అని లెక్కేస్తే 6 ఈసీటీఎస్ సబ్జెక్టు మన 4 క్రెడిట్ల సబ్జెక్టుకి సరిపోతుంది, 5 ఈసీటీఎస్‌ది 3 క్రెడిట్ల దానికి సరిపోతుంది. అన్ని కాలేజీలూ ఇదే నిష్పత్తి వాడతాయని లేదు, మీ కాలేజీ ఏది వాడుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. సీనియర్ చెప్పాడని 18 ఈసీటీఎస్‌తో సరిపెట్టుకుని వచ్చిన అమ్మాయి ఉంది. ఆ 18 మన లెక్కలో 12 క్రెడిట్లే అయ్యాయి.

క్రెడిట్ల సంఖ్య సరిపోయినంత మాత్రాన కూడా పని పూర్తవదు. సిలబస్ కలవాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునే ప్రొఫెసర్లు సబ్జెక్టు పేరు చూసి ఒప్పుకోరు, యూనిట్ యూనిట్‌కీ పోల్చి చూస్తారు, చూడాలి కూడా. అక్కడి మాడ్యూల్ వివరాలు వెబ్‌సైట్‌లో మాడ్యూల్ హ్యాండ్‌బుక్ పేరుతో ఉంటాయి, అవి ప్రింట్ తీసి మన సిలబస్ కాపీ పక్కన పెట్టి హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే పని అరగంటలో అవుతుంది. ఉత్త చేతులతో వెళ్తే నెల తిరుగుతారు.

ఇదంతా నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. ఈ పనిలో చేరిన కొత్తలో మెకానికల్ కుర్రాడొకడిని ఐదో సెమిస్టర్‌కి జర్మనీ పంపాం. వెళ్లేముందు అనుకున్న సబ్జెక్టుల్లో ఒకటి ఆ శీతాకాలం సెమిస్టర్‌లో అసలు నడవడం లేదు, ఇంకొకటి జర్మన్‌లో చెబుతున్నారు. పిల్లవాడు తెలివైనవాడు, ఖాళీగా కూర్చోలేదు, వాటి బదులు రెన్యువబుల్ ఎనర్జీ, జర్మన్ భాష తీసుకున్నాడు. మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. మంచి గ్రేడ్లతో తిరిగొచ్చాడు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో డైనమిక్స్ ఆఫ్ మెషినరీకి, థర్మల్ ఇంజినీరింగ్‌కి బదులుగా వాటిని ఒప్పుకోలేదు. ఆ రెండు సబ్జెక్టులూ మళ్లీ నడిచేది ఏడాది తర్వాత, జూనియర్లతో కలిసి, అంటే సరిగ్గా తన ఏడో సెమిస్టర్‌లో. ఆ టైముకే క్యాంపస్‌కి కంపెనీలు వస్తాయి. వచ్చిన కంపెనీలు పెట్టిన మొదటి షరతు, యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదని. అక్కడ ఒక్క పరీక్ష కూడా తప్పని పిల్లవాడు ఇక్కడ లిస్టులో బ్యాక్‌లాగ్ ఉన్నవాడిగా నిలబడ్డాడు.

వాళ్ల నాన్న పరకాల దగ్గర పత్తి వేస్తారు. ఆ రోజు ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "మావోడు ఆడ ఫెయిల్ గాలేదు గదమ్మా?" అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి సప్లీ రాసినట్టు ఆ రెండు సబ్జెక్టులూ రాసి, డిగ్రీ అయ్యాక సొంతంగా తిరిగి ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు, దసరాకి మెసేజ్ పెడతాడు. కానీ అప్పటి నుంచి ఎవరు వెళ్లినా మొదటి నెలలో నేనే ఫోన్ చేసి ఒకటే అడుగుతాను: సబ్జెక్టులు మారాయా? మారితే అగ్రిమెంట్ మార్చి మళ్లీ సంతకాలు పెట్టించుకోవాలి, ఆ నెలలోనే. అక్కడి రిజిస్ట్రేషన్ గడువు దాటాక మార్చడానికి ఎవరికీ వీలుండదు.

ఇంకో మూడు చిక్కులు, ఎవరూ చెప్పనివి. మొదటిది ల్యాబ్‌లు. మన దగ్గర ల్యాబ్‌కి వేరే క్రెడిట్లు, వేరే పరీక్ష. అక్కడ చాలా మాడ్యూళ్లలో ల్యాబ్ సబ్జెక్టులోనే కలిసి ఉంటుంది. థియరీ మాఫీ అయి ల్యాబ్ మిగిలిపోయిన కేసులు ప్రతి ఏడూ వస్తాయి. ల్యాబ్ ఎలా లెక్కేస్తారో కూడా అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రెండోది, సున్నా క్రెడిట్ల మాండేటరీ కోర్సులు, కాన్‌స్టిట్యూషన్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటివి. క్రెడిట్లు లేవు కదా అని పట్టించుకోరు, కానీ అవి పాస్ కాకపోతే డిగ్రీ ఇవ్వరు. మూడోది ఎన్‌పీటెల్, అంటే స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఐఐటీలు నడిపే కోర్సులు. మిగిలిపోయిన సబ్జెక్టు స్వయం, ఎన్‌పీటెల్‌లో కానిచ్చేయొచ్చు, యూజీసీ నిబంధనల ప్రకారం 40 శాతం దాకా క్రెడిట్లు అలా తీసుకునే వీలుంది, మీ కాలేజీ ముందుగా ఒప్పుకుంటే. కానీ దాని పరీక్ష మన దేశంలోని సెంటర్‌కి వచ్చి రాయాలి. మ్యూనిక్‌లో ఉండి రాయలేరు. కాబట్టి వెళ్లేముందో, వచ్చాకో పెట్టుకోండి.

అపోహ: ఏ సెమిస్టర్ అయినా ఒకటే

దీన్ని కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన నష్టంలో సగం ఇక్కడే మొదలవుతుంది. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలు. మన ఐదో సెమిస్టర్ అయిపోయి ఆరోది మొదలై నెలలు గడిచినా మీరింకా అక్కడ పరీక్షలు రాస్తుంటారు. ఇక్కడ 75 శాతం హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? అలా వెళ్లేవాళ్లు ఆరో సెమిస్టర్‌లో ఆలస్యంగా చేరడానికి అనుమతి, మిడ్ పరీక్షలకి వేరే తేదీలు ముందే రాయించుకుని వెళ్లాలి. అమెరికా ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై డిసెంబర్ మధ్యకి అయిపోతుంది, దక్షిణ కొరియాలో సెప్టెంబర్ నుంచి డిసెంబర్. ఈ రెండూ మన బేసి సెమిస్టర్‌తో బాగా కుదురుతాయి. స్వీడన్ జనవరి మధ్య దాకా లాగుతుంది, సర్దుకోవచ్చు.

ఏడో సెమిస్టర్‌లో మాత్రం, క్యాంపస్ ప్లేస్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లయితే, వెళ్లొద్దు. పై చదువులకి వెళ్లాలని ముందే తేల్చుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి అక్కడి ప్రొఫెసర్‌తో పరిచయం నిజంగా పనికొస్తుంది. సెకండ్ ఇయర్ మొదట్లోనే అడగడం మొదలుపెడితే ఐదో సెమిస్టర్‌కి తీరిగ్గా అందుకుంటారు. మా దగ్గర నామినేషన్లు (ఎంపికైనవాళ్ల పేర్లు అక్కడి యూనివర్సిటీకి పంపడం) వెళ్లడానికి ఆరు నెలల ముందే లోపలి ఎంపిక అయిపోతుంది, చివరి నెలలో వచ్చి ఏడ్చినవాళ్లకి ఏమీ చేయలేకపోతున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"మా కాలేజీకి యాభై ఎంఓయూలు ఉన్నాయి కాబట్టి ఎక్కడికైనా పోవచ్చు." ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామని రాసుకున్న కాగితం. మీరు అడగాల్సింది స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ అగ్రిమెంట్ ఉందా, ట్యూషన్ ఫీజు మాఫీ ఉందా, ఏడాదికి ఎన్ని సీట్లు అని. బ్రోషర్‌లో లోగో చూసి లెక్కేసుకోకండి.

"కన్సల్టెన్సీ ద్వారా అయితే సులువు." ఎక్స్ఛేంజ్‌కి నామినేషన్ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్తుంది, మధ్యలో కన్సల్టెన్సీకి చోటే లేదు. వాళ్లు అమ్మేది పూర్తి ఫీజు కట్టి విజిటింగ్ స్టూడెంట్‌గా వెళ్లే సీటు. అది మోసమని అనను, కానీ దాన్ని ఎక్స్ఛేంజ్ అని చెప్పి లక్షలు తీసుకోవడం మాత్రం తప్పు. పైగా క్రెడిట్ల గురించి వాళ్లిచ్చే హామీ మీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో చెల్లదు.

"ఎక్స్ఛేంజ్ అంటే అంతా ఉచితం." అక్కడి ట్యూషన్ ఫీజే ఉండదు, ఇక్కడి ఫీజు మామూలుగా కడతారు. అద్దె, తిండి, ఇన్సూరెన్స్, టికెట్టు, వీసా మీవే. జర్మనీకి 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే జమచేసి వీసాకి చూపాల్సిన ఖాతా) లెక్క నెలకి 992 యూరోలు. ఈ మాట వినగానే తల్లిదండ్రులు ఆ డబ్బు పోతుందనుకుంటారు. పోదు, మీ పిల్లల ఖాతాలోనే ఉండి నెలనెలా వాళ్ల ఖర్చుకే వస్తుంది. ఫ్రాన్స్‌కి నెలకి 615 యూరోలు చూపించాలి, దానికి ముందు క్యాంపస్ ఫ్రాన్స్ (విదేశీ విద్యార్థుల దరఖాస్తులు చూసే ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ) ప్రక్రియ తప్పదు.

"ఓవర్సీస్ విద్యానిధి వస్తుంది." తెలంగాణలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే విద్యానిధి పథకాలు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకి. బీటెక్ మధ్యలో ఒక సెమిస్టర్‌కి వర్తించవు. ఇది నమ్మి అప్పు చేయకండి. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ పథకం కింద మీ కాలేజీకి ఒప్పందం ఉంటే గ్రాంటు దొరకొచ్చు, అది అడగండి.

"పార్ట్‌టైమ్ చేసి సంపాదించుకోవచ్చు." ఉండేది నాలుగైదు నెలలు. మొదటి నెల బ్యాంకు ఖాతాకీ, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కీ పోతుంది, చివరి నెల పరీక్షలకి. బడ్జెట్‌లో ఆ డబ్బు సున్నా అనే వేసుకోండి.

"జే-1 (అమెరికా ఎక్స్ఛేంజ్ వీసా) మీద వెళ్తే రెండేళ్లు మళ్లీ అమెరికా పోలేం." ఆ షరతు స్కిల్స్ లిస్ట్ (ఏ దేశాలవాళ్లు తిరిగెళ్లి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలో చెప్పే అమెరికా జాబితా) వల్ల వచ్చేది, 2024 డిసెంబర్‌లో సవరించిన లిస్టులో భారత్ లేదు. ప్రభుత్వ నిధులతో వెళ్లేవాళ్లకి మాత్రం ఇప్పటికీ వర్తించవచ్చు, ఆ వీసా కోసం ఇచ్చే డీఎస్-2019 ఫారం ఒకసారి చదువుకోండి.

"గ్రేడ్లు తక్కువొస్తాయి, సీజీపీఏ పోతుంది." జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్. పోయినేడు ఒక నాన్నగారు కొడుకు మార్కుల కాగితంలో 1.7 చూసి రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే నాకు ఫోన్ చేస్తే, అది చాలా మంచి గ్రేడని చెప్పాక కాసేపు మాట్లాడలేకపోయారు. మార్పిడి పద్ధతి ఏమిటో, లేక వట్టి పాస్ అని మాత్రమే వేస్తారో, అది కూడా వెళ్లేముందే రాయించుకోండి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

జగిత్యాల అమ్మకి ఆ రాత్రి నేను చెప్పింది ఒక్కటే: "ఏడాది పోదమ్మా, ఒక కాగితం సరిగ్గా నింపితే. రేపు మీ అమ్మాయిని నా దగ్గరికి పంపండి." వచ్చింది. ఏడు సబ్జెక్టుల్లో ఐదింటికి ఎదురు దొరికాయి, ఒకటి ఎన్‌పీటెల్‌లో వచ్చే జనవరి సెషన్‌లోనే పూర్తి చేస్తుంది, ఒక ల్యాబ్ ఇంకా తేలలేదు. హెచ్‌ఓడీ సార్‌ని అడగాలంటే భయమేస్తోంది మేడమ్ అంది. గురువారం మధ్యాహ్నం ఆయనకి క్లాసు లేదు, ఇద్దరం కలిసే వెళ్తున్నాం. మా కాలేజీ పిల్లలు ఇంకెవరైనా అలా ఆగిపోయి ఉంటే సిలబస్ కాపీ పట్టుకుని అదే టైముకి వచ్చేయండి.