రోడ్డు మీద పడుకునేవాళ్లని కొడితే ఏ కేసూ ఉండదా? అపోహలు - వాస్తవాలు

బస్టాండులోనో, ఆమదాలవలస స్టేషను బయటో, అరసవల్లి గుడి దారిలోనో పడుకున్న మనిషిని తాగొచ్చిన కుర్రాళ్లు తన్నితే చూసేవాళ్లుంటారు, అయ్యో అనేవాళ్లూ ఉంటారు, కంప్లయింటు ఇచ్చేవాళ్లే ఉండరు. "ఆడికెవులున్నార్రా అడగడానికి" అన్న ధైర్యంతోనే కొట్టేవాడు కొడతాడు. చట్టం గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు ఆ ధైర్యాన్ని ఇంకా పెంచుతున్నాయి. శ్రీకాకుళం కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయరుగా నాకు తరచూ వినపడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇల్లు లేనివాళ్ల కోసం చట్టమే లేదు.

ప్రత్యేక చట్టం లేదన్నది నిజమే. అమెరికాలో మేరీలాండ్ 2009లో, ఫ్లోరిడా 2010లో ఇల్లు లేనివాళ్ల మీద ద్వేషంతో చేసే దాడులను విద్వేష నేరాల చట్టంలో చేర్చాయి, మన దగ్గర అలాంటిది రాలేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103(2) ఉంది: అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన ఊరు, లింగం, నమ్మకం లాంటి కారణాలతో మనిషిని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం. అవే కారణాలతో గుంపుగా తీవ్రంగా గాయపరిస్తే 117(4) కింద ఏడేళ్ల దాకా జైలు. ఇల్లు లేకపోవడం ఆ జాబితాలో లేదు. "అలాంటి మరే ఇతర కారణం" అన్న మాట ఉంది గానీ, కోర్టు దాన్ని ఇంతవరకూ సాగదీస్తుందని నేను ధీమాగా చెప్పను.

కానీ మన జిల్లా సరిహద్దు జిల్లా. ఇచ్ఛాపురం, పలాస వైపు ఒడియానో హిందీనో తప్ప రాని మనిషి ఒంటరిగా తిరుగుతుంటే "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు" అన్న పుకారు ఎంతసేపట్లో పుడుతుందో మనకు తెలుసు. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అడుక్కోవడానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను, జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో అయిదుగురు సంచార జాతివాళ్లను ఇలాంటి పుకార్లతోనే కొట్టి చంపారు. అదే నెల 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు, మూకదాడులు ఆపడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి నోడల్ అధికారి (ఆ పనికి బాధ్యుడు) ఉండాలని ఆదేశించింది.

అందుకే, కొట్టేటప్పుడు వాళ్లు ఏం అరిచారన్నది చాలా ముఖ్యం. "ఎక్కడోడివిరా, తెలుగు రాదా" అన్నారా? కులం పేరు పెట్టి తిట్టారా? "పిచ్చిదానా" అంటూ రాళ్లేశారా? ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కంప్లయింటులో రావాలి. భాష, ఊరు అయితే పైన చెప్పిన సెక్షన్లు. బాధితులు దళితులో ఆదివాసీలో అయి, కొట్టినవాళ్లు కాకపోతే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. వైకల్యం గానీ మానసిక అనారోగ్యం గానీ ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92, శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. రీల్స్ కోసం అలాంటి మనిషిని నలుగురిలో కావాలని అవమానించినా ఇదే సెక్షన్. "గుర్తుతెలియని వ్యక్తులు కొట్టారు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఇవేవీ తర్వాత తేవడం తేలిక కాదు.

అపోహ: ఆధార్ లేదు, అడ్రస్ లేదు, కేసు కట్టరు.

పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమైతే ఎవరు సమాచారమిచ్చినా ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. బాధితుడే రావాలని లేదు, టీ కొట్టాయన ఇచ్చినా చాలు. "అది రైల్వే పోలీసుల పరిధి" అంటే, పరిధి ఎవరిదైనా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు.

అసలు ఇబ్బంది విచారణ దగ్గర వస్తుంది. సమన్లు వెళ్లేసరికి బాధితుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు, కేసు కొట్టేస్తారు. అందుకని మొదట్లోనే మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించమని అడుగుతాం. అది కోర్టులో చెప్పే సాక్ష్యానికి బదులు కాదు గానీ, చూసినవాళ్లు ఇద్దరు నిలబడితే దానికి బలం వస్తుంది.

అపోహ: రెండు దెబ్బలే కదా, చిన్న కేసు.

ఇది చిన్నదా పెద్దదా అన్నది ఆస్పత్రిలో తేలుతుంది. మామూలు గాయమైతే న్యాయ సంహిత సెక్షన్ 115(2), ఏడాది దాకా శిక్ష, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా చేయలేరు. ఎముక విరిగినా, పన్ను ఊడినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా అది తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా శిక్ష. మా దగ్గరికొచ్చే కేసుల్లో జరిగేదేంటంటే, మనిషి ఎక్స్‌రే తీయకముందే భయపడో, తన మూట ఎవరైనా పట్టుకుపోతారనో ఆస్పత్రి నుంచి వెళ్లిపోతాడు. డాక్టరు గాయాల గురించి రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో "వాపు" అని ఉంటుంది, పక్కటెముక మాత్రం విరిగే ఉంటుంది. సాయం చేయాలనుకునేవాళ్లు ఆ ఒక్క పూట పక్కనుండి, మూట చూసుకుంటూ ఎక్స్‌రే తీయించి, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కింద ఆస్పత్రి నమోదు) రాయించండి. దుప్పటికి నిప్పంటించడం, వేడినీళ్లు పోయడం అయితే గాయం చిన్నదైనా సెక్షన్ 118 వేరే ఉంది, దానికి పోలీసులే నేరుగా కేసు కడతారు.

అపోహ: మతి స్థిమితం లేనివాళ్ల సంగతి పోలీసులకెందుకు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో రోడ్ల మీద తిరిగే మానసిక రోగిని కాపాడటం స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటల్లోపు ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు, కుటుంబాన్ని వెతకాలి. వైద్యం ఉచితం, రేషన్ కార్డు అడగకూడదు.

అపోహ: అడుక్కోవడమే నేరం, వెళ్తే ఆయన్నే లోపలేస్తారు.

మన రాష్ట్రంలో 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఒకటి ఉంది, నిజమే. దానికీ కొట్టినవాడి నేరానికీ సంబంధం లేదు. అడుక్కునే మనిషిని కొట్టొచ్చని ఏ చట్టమూ చెప్పదు.

అపోహ: కొట్టినవాడు దొరక్కపోతే పైసా రాదు.

సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 396 ప్రకారం నిందితుడు ఎవరో తెలియకపోయినా, బాధితుడెవరో తెలిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పరిహారం కోసం అర్జీ పెట్టొచ్చు. శ్రీకాకుళమైనా విజయనగరమైనా జిల్లా కోర్టుకు వెళ్లి అడగండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లు, పిల్లలు, వైకల్యం ఉన్నవాళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ సర్టిఫికెట్ లేకపోతే అఫిడవిట్ సరిపోతుంది, అది మేమే రాసిపెడతాం.