పోచంపల్లి చీర: కబురు ఎవరి చేతిలో ఉంటే బేరం వారిదే

సొంత కర్మాగారం లేకుండా, వేర్వేరు చోట్ల ఉన్న స్వతంత్ర ఉత్పత్తిదారులను సమాచారంతోనే ముడివేసి, బయటివారికి ఒకే సంస్థలా సరుకు అందించే ఏర్పాటును 'వర్చువల్ సంస్థ' అంటారు. ఈ పేరు 1990లలో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి నేత ఊళ్ళకు (2016 నుంచి ఇవి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి) పేరు కొత్తదే కాని పద్ధతి కొత్తది కాదు. మాస్టర్ వీవర్ నూలు, పట్టు, డిజైను ఇచ్చి, మజూరీ చెల్లించి, ఎవరి ఇంట్లో వారి మగ్గం మీద చీర నేయించుకునేవాడు. అతని అసలు పెట్టుబడి డబ్బు ఒక్కటే కాదు. హైదరాబాదు దుకాణాల్లో ఏ రంగు, ఏ అంచు అమ్ముడుపోతున్నదో అతనికి తెలిసేది, నేతగానికి తెలిసేది కాదు.

పోగులకు ముందే రంగులద్ది నేసే పోచంపల్లి నేత అయిన ఇక్కత్‌లో ఈ తేడా మరింత బరువైనది. పడుగు (నిలువు పోగులు), పేకలకు (అడ్డపోగులు) ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు కనుక, మగ్గం ఎక్కేనాటికే డిజైను ఖరారై ఉంటుంది. వారాల తరబడి సాగే ఈ పనిలో గిరాకీ కబురు ఆలస్యంగా అందితే, తప్పుడు రంగులో ముంచిన నూలును వెనక్కి తెచ్చుకోలేరు. సహకార సంఘాలు, రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొనుగోళ్ళు ఈ అనిశ్చితిని కొంత తగ్గించాయి; అయితే ఆ ఆర్డర్లలో కొనేవారి అభిరుచి కన్నా ఆఫీసు కొలతలే ఎక్కువగా కనిపించేవని నా అభిప్రాయం.

కబురు తొందరగా వస్తే చాలదు, సరుకు కూడా తొందరగా కదలాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సిన ఆసు పనిని (కట్లు కట్టే ముందు నూలును కొయ్యల చుట్టూ చుట్టడం) ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో యంత్రానికి అప్పగించారు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. ఆసు పోయడానికి పట్టే సమయం కొన్ని గంటల నుంచి గంటన్నరకు తగ్గడంతో, స్త్రీల భుజాల నొప్పి తగ్గడమే కాక, ఆర్డరుకూ మగ్గానికీ మధ్య దూరమూ తగ్గింది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ పేరును ఆ ప్రాంతపు సరుకుకే పరిమితం చేసే చట్టబద్ధ గుర్తింపు) వచ్చింది. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు చౌకయ్యాక, వాట్సాప్‌లో చీర ఫోటో నేరుగా కొనేవారికి చేరుతున్నది. నేతగాని కుటుంబం సావుకారును, అంటే ఆ మాస్టర్ వీవర్‌ను దాటి బేరమాడగలుగుతున్నది. అయితే అదే ఫోటో ప్రింటు మిల్లులకూ చేరుతుంది; నేతగాడు ఇంకా కట్లు కడుతుండగానే నకలు బజారుకు రావచ్చు. గుర్తింపు చట్టం పేరును కాపాడుతుంది, కానీ తెరపై చూసి కొనేవారికి ఆ పేరు నిజమైనదో కాదో తేల్చుకోవడం కష్టం. అసలు ఇక్కత్‌లో డిజైను వెనకవైపు కూడా దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది, ప్రింటులో సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకే అమ్మేవారు పంపే ఫోటోలలో చీర వెనకవైపునూ అడిగి చూడాలి.