పెరటి పండ్ల మొక్కలు: అపోహలు - వాస్తవాలు

అంటు మొక్కలు కట్టడం, బళ్లలో పండ్ల చెట్లు వేయించడం నా పని. జూన్ వచ్చిందంటే ఈ మాటలే వింటుంటాను.

అపోహ: చిన్నరసం టెంక నాటితే చిన్నరసమే కాస్తుంది.

కాస్తుందన్న నమ్మకం లేదు. మన మామిడి రకాల్లో చాలావాటికి టెంకకు ఒకటే మొలక. అందులో తల్లి చెట్టు గుణాలతో పాటు, పుప్పొడి ఇచ్చిన ఏదో పక్క చెట్టు గుణాలూ ఉంటాయి. ఏడెనిమిదేళ్లు నీళ్లు పోశాక పీచు కాయ వస్తే ఎవరితో చెప్పుకుంటాం? టెంక మొక్కను పెంచండి, కానీ దాని మీద మీకు నచ్చిన చెట్టు పుల్లతో అంటు కట్టించుకోండి. పెన్సిల్ మందాన, మూణ్నాలుగు నెలల వయసున్న రెమ్మను చూసి పెట్టుకోవాలి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆకులు తుంచేసి కాడలు మాత్రం ఉంచితే మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు కోసి తడిగుడ్డలో చుట్టి, వీలైతే ఆ రోజే కట్టాలి. తర్వాత అతుకు కింద చిగుళ్లు వస్తుంటాయి, గిల్లేయండి. వదిలేస్తే కట్టిన రకం పోయి టెంక మొక్కే మిగులుతుంది.

నేరేడు సంగతి వేరు. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మామూలే, వాటిలో చాలావరకు తల్లి పోలికే. గింజ ఎండకముందే నాటాలి, అంతే.

అపోహ: పాత రకాలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో వందల మామిడి రకాలను కాపాడుతున్నారు. అంతకంటే ముందు మీ ఊరి పెరళ్లు చూడండి. ఏ చెట్టు కాయ తియ్యనో బడిపిల్లలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు! కాయలున్నప్పుడే చెట్టుకు గుర్తు పెట్టి, యజమానిని అడిగి పుల్లలు తెచ్చుకోండి. మామిడిలో చాలా రకాలు ఏడాది విడిచి ఏడాది కాస్తాయి కాబట్టి ఒక్క కాపు చూసి తీర్పు చెప్పొద్దు.

అపోహ: సీతాఫలం పూత రాలితే ఎరువు తక్కువైనట్టే.

చాలాసార్లు కారణం పరాగం అందకపోవడం. ఈ పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది, అది అయ్యాకే పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే బాగా విచ్చిన పువ్వు పుప్పొడిని మెత్తని బ్రష్‌తో తీసి, సగం విచ్చిన పువ్వు లోపల అద్దండి. బడిలో పిల్లలతో చేయించడానికి ఇంతకంటే మంచి సైన్స్ పాఠం నాకు తెలియదు. మండుటెండల్లో రాలే పూతకు మాత్రం టెన్షన్ పడకండి, తొలకరి పడ్డాక పిందె నిలుస్తుంది.

అపోహ: ఉసిరి ఒక్క చెట్టు చాలు.

ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయదు. కాంచన్ వేస్తే పక్కన కృష్ణ లాంటి మరో రకం ఉండాలి. చోటు లేకపోతే పక్కింటివాళ్లను ఒప్పించి వాళ్ల పెరట్లో రెండోది వేయించండి.

అపోహ: బడిలో ముళ్ల చెట్లు వద్దు.

ఆటస్థలం పక్కన వద్దు, నిజమే. ప్రహరీ వెంట అయితే వాక్కాయను మించింది లేదు. మేకలు లోపలికి రావు, మధ్యాహ్న భోజనం పప్పులోకి పులుపూ దొరుకుతుంది.